ఓంగ్-బాక్ (2003) ఫైట్లు: రోప్ లేకుండా, గ్రాఫిక్స్ లేకుండా తక్కువ ఖర్చులో ఎలా కుదిరాయి?

రీలుపెట్టె | #1

ఈ థాయ్ సినిమా ఊసొస్తే "హీరో టోనీ జా భలే ఎగిరాడు" దగ్గరే మాట ఆగిపోతుంది. ఎగరగలిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ ఎగరడాన్ని చూసేవాడు నమ్మేలా ఎలా తీశారన్నది ఇక్కడ మాట్లాడుకుందాం.

ఖర్చు సుమారు 11 లక్షల డాలర్లు. అప్పటి మారకంలో ఐదు కోట్ల రూపాయల పైచిలుకు. ప్రపంచం మొత్తం మీద వసూళ్ళు దాదాపు 2 కోట్ల డాలర్లు. దర్శకుడు ప్రచ్యా పిన్‌కేవ్, ఫైట్లు కంపోజ్ చేసింది పన్నా రిట్టిక్రాయ్. కథ మూడు ముక్కల్లో అయిపోతుంది: నోంగ్ ప్రదూ అనే పల్లెలో బుద్ధ విగ్రహం తల నరికి ఎత్తుకుపోతారు, టింగ్ (టోనీ జా) అనే కుర్రాడు దాన్ని వెతుక్కుంటూ బ్యాంకాక్ వస్తాడు, తెస్తాడు.

నా ఉద్దేశంలో ఈ సినిమాకి డబ్బు తక్కువేగానీ టైము తక్కువ కాదు. జా పదిహేనేళ్ళ వయసు నుంచీ పన్నా దగ్గర శిష్యుడు. ఈ సినిమా కోసం పాత మువాయ్ (థాయ్‌లాండ్ ముష్టియుద్ధం) విద్య మీద నాలుగేళ్ళు పనిచేశారు. ముందు ఇద్దరూ కలిసి ఒక చిన్న డెమో రీలు తీసి ప్రచ్యాకి చూపించారు. షూటింగ్ మొదలయ్యేనాటికే దెబ్బలన్నీ ఒంటికి పట్టేసి ఉన్నాయి. సెట్లో కంపోజ్ చేసుకుంటూ కూర్చుంటే ఈ ఖర్చులో సగం సినిమా కూడా పూర్తయ్యేది కాదు.

మోచేతిదెబ్బ | #2

మొదటి మాట కెమెరా చోటు. మామూలు సినిమా ఫైట్లో దెబ్బ తగలదు, మధ్యలో జానెడో బెత్తెడో ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ కనపడకుండా కెమెరాని కొట్టేవాడి భుజం వెనకో, తినేవాడి భుజం వెనకో పెడతారు. ఇద్దరూ ఒకే గీత మీదకొస్తారు కాబట్టి ఖాళీ మూసుకుపోతుంది. చూసేవాడికి తెలిసేది తల విసురు, చప్పుడు మాత్రమే.

ఓంగ్-బాక్‌లో ముఖ్యమైన దెబ్బలకి కెమెరా పక్కకి వెళ్ళిపోయింది. కొట్టేవాడు ఎడమ, తినేవాడు కుడి, మధ్యలోని దూరం మొత్తం మన కళ్ళముందే. అక్కడ ఖాళీ ఉంటే పిల్లాడు కూడా పట్టేస్తాడు. అంటే తగలాల్సిందే. ఎగిరి నడినెత్తిన మోచెయ్యి దింపే షాట్లు మళ్ళీ చూడండి. షాట్ వెడల్పుగా ఉంటుంది, కాళ్ళు కూడా ఫ్రేములో ఉంటాయి, దెబ్బ పడే క్షణంలో కట్ ఉండదు.

గోదారిగట్టు | #3

తగిలితే బుర్ర పగలాలి కదా? మోచేతి ఎముకంటే సుత్తితో సమానం.

మోచేతిదెబ్బ | #4

@గోదారిగట్టు మోచేతి మొన దింపరు గనక పగలదు. ఇలాంటి దెబ్బలకి స్టంట్ టీముల్లో నడిచే పద్ధతి చెప్తాను.

కొట్టేవాడు మోచేతి మొన వంచి చూపిస్తాడుగానీ ఆనించేది దానికి రెండు మూడు అంగుళాల కింద, ముంజేతి కండ ఉన్న చోట. తినేవాడి జుట్టు కిందో టోపీ కిందో పల్చటి గట్టి ఫోమ్ ముక్క ఉంటుంది. అందుకే ఇలాంటి ఫైట్లలో జుట్టు గుబురుగా ఉన్నవాళ్ళూ, టోపీలూ తలగుడ్డలూ కట్టినవాళ్ళూ ఎక్కువ కనపడతారు. దెబ్బ దిగే ముందు అతను గడ్డం ఛాతీకి ఆనించి, మెడ బిగించి, మోకాళ్ళు వదులు చెయ్యాలి. ఈ మూడూ ఒక వరుసలో జరగాలి. మోకాళ్ళు బిగుసుకుని ఉంటే బరువంతా మెడ వెన్నుపూసల మీద పడుతుంది. మెడ వదులుగా ఉంటే తల వెనక్కి విరుచుకుంటుంది. ప్రమాదాలు ఈ రెండిట్లోనే.

మోకాలి దెబ్బకి కూడా ఇదే సూత్రం. చిప్ప తగలనివ్వరు, తొడ ముందుభాగం పలకలా ఛాతీ కవచం మీద ఆనుతుంది. చొక్కా కింద కవచం తెలిసిపోకుండా చొక్కా ఒక సైజు పెద్దది వేస్తారు.

బట్టల మీద ముల్తానీ మట్టి పొడి కొద్దిగా చల్లితే దెబ్బ పడగానే దుమ్ము లేస్తుంది. ఎక్కువైతే పిండిమరలో ఫైట్ చేసినట్టుంటుంది. చొక్కాకి అర చెంచా చాలు, అదీ దెబ్బ పడే చోటే.

ఎడిటింగ్‌బల్ల | #5

రీప్లేల గురించి ఎవరూ ఎత్తలేదు. ఒక పెద్ద స్టంట్ అవ్వగానే అదే స్టంట్ ఇంకో కోణంలో, హై స్పీడ్‌లో (అంటే కెమెరాని వేగంగా తిప్పి, తెర మీద నెమ్మదిగా కనపడేలా), మళ్ళీ వస్తుంది. ఒక్కోసారి మూడోసారి కూడా. జాకీ చాన్ 1985లోనే పోలీస్ స్టోరీలో షాపింగ్ మాల్ స్తంభం మీంచి జారే షాట్‌ని ఇలా తిప్పి చూపించాడు. ఓంగ్-బాక్ దాన్ని సినిమా పొడుగునా ఒక పద్ధతిగా పెట్టుకుంది.

ఇది చవక పని అనుకోవద్దు. అప్పట్లో ఫిల్మే. 35 ఎంఎంలో అడుగుకి 16 ఫ్రేములు. సెకనుకి 24 ఫ్రేముల చొప్పున 400 అడుగుల రోలు దాదాపు నాలుగున్నర నిమిషాలు వస్తుంది. అదే కెమెరాని 96 ఫ్రేముల మీద తిప్పితే నిమిషం ఏడు సెకన్లకే రోలు ఖాళీ. కెమెరా స్పీడు అందుకోవడానికి ముందు కొంత, కట్ చెప్పాక కొంత వృథా పోతుంది. డబ్బు లేని సినిమా ఫిల్ముని ఇలా ఖర్చుపెట్టిందంటే, ఆ ఖర్చు ఎక్కడ పెట్టాలో వాళ్ళకి స్పష్టంగా తెలుసు. స్టార్ జీతాలకి పోలేదు, సెట్లకి పోలేదు.

ఇంకో సంగతి. రెండో కోణం దొరకాలంటే ఒకేసారి రెండు మూడు కెమెరాలు తిరగాలి, లేదా స్టంట్ మళ్ళీ చెయ్యాలి. మళ్ళీ చేస్తే అడుగు ఒక అంగుళం అటూఇటూ పడుతుంది, అతికేటప్పుడు దొరికిపోతుంది. కాబట్టి ప్రాణం మీదికొచ్చే షాట్‌కి ఎన్ని కెమెరాలు దొరికితే అన్నీ పెట్టెయ్యాలి, మాటల సీన్లకి ఒకటి చాలు.

రీలుపెట్టె | #6

రీప్లేల దగ్గర నేను ఒప్పుకోను. మొదటిసారి గుండె ఆగుతుంది. రెండోసారి మెచ్చుకుంటాం. మూడోసారి టింగ్ తరుముకొస్తున్నవాళ్ళని మర్చిపోయి టోనీ జాని చూస్తుంటాం. ఛేజ్‌లో ఉండాల్సిన భయం అక్కడ సడలిపోతుంది.

ఎడిటింగ్‌బల్ల | #7

ఛేజ్ వరకు మీ మాట నిజమే. కానీ రింగు ఫైట్లలో రీప్లే సహజంగా కూర్చుంటుంది, టీవీలో మువాయ్ పోటీ చూసేవాడికి నాకౌట్ మళ్ళీ చూపించడం అలవాటే. టింగ్ మొదటి ప్రత్యర్థిని ఒకే ఒక్క మోకాలితో పడగొట్టే చోట అది లేకపోతే ఏం జరిగిందో సగంమందికి తెలియదు.

పద్మజ_కె | #8

దెబ్బల పేర్లు తెలిస్తే ఈ సినిమా మన తెలుగువాళ్ళకి ఇంకా దగ్గరవుతుంది. ఇందులో ఉన్నది ఇవాళ్టి గ్లోవుల మువాయ్ థాయ్ కాదు, దానికి ముందుది, మువాయ్ బోరాన్. "బోరాన్" అంటే మన "పురాణ" శబ్దమే, ప్రాచీనం అని అర్థం. పోటీకి ముందు చేసే నమస్కార నృత్యం "వాయ్ ఖ్రూ". ఖ్రూ అంటే గురువు. తలకి కట్టుకునే పట్టీ "మోంగ్‌కోన్", అంటే మంగళం.

ఒక దెబ్బ పేరు "హనుమాన్ థవాయ్ వేన్", హనుమంతుడు ఉంగరం సమర్పించడం. రెండు పిడికిళ్ళూ పక్కపక్కన పెట్టి, కింది నుంచి పైకి, గడ్డం కిందకి తెస్తారు. చేతుల వాటం చూస్తే సీతమ్మ ముందు వంగి ఉంగరం అందిస్తున్నట్టే ఉంటుంది. ఇంకొకటి "ఎరావన్ సోయ్ ఙా", ఐరావతం దంతాలెత్తడం. "హక్ ఙువాంగ్ ఐయరా" అంటే ఏనుగు తొండం విరవడం: వచ్చిన కాలిని చంకకింద పట్టేసి తొడ మీద మోచెయ్యి దింపుతారు. రామాయణం అక్కడ రామకియెన్ అయ్యింది, కొన్ని దెబ్బలకి పేర్లూ దాన్నుంచే వచ్చాయి.

ఈ పేర్ల వల్ల కంపోజిషన్‌కి ఒక లాభం ఉంది. ప్రతి దెబ్బకీ మొదలు, ఆకారం, ముగింపు ఉంటాయి. చూసేవాడికి పేరు తెలియకపోయినా ఆకారం గుర్తుండిపోతుంది. టింగ్ ఒంటరిగా సాధన చేసే సీన్ మొదట్లో పెట్టడం అందుకే గొప్ప తెలివి. అక్కడ నెమ్మదిగా చూసిన ఆకారాలనే తర్వాత ఫైట్లలో వేగంగా గుర్తుపడతాం.

సాము_శీను | #9

సందుల్లో పరుగు సీన్‌కి వద్దాం. ముళ్ళ తీగ చుట్టలోంచి దూకడం, రెండు గాజు పలకల మధ్యలోంచి పల్టీ, బండి కింద నుంచి కాళ్ళు చాపి జారడం, జనం భుజాల మీద పరుగు. ఒక్కోటి ఒక్కో రకం కష్టం.

బండి కింద జారడం అన్నిటికన్నా మోసం చేసే షాట్. కుర్రాళ్ళు బండి పక్కన స్కేలు పెట్టి కొలిచి చాలా ఎత్తుంది అనుకుంటారు. కొలవాల్సింది తలుపు కింద కాదు. నడుమ వేలాడే సైలెన్సరు గొట్టం, వెనక ఇరుసు మీద గుండ్రటి డిఫరెన్షియల్ బుట్ట, ఈ రెండే అన్నిటికన్నా కిందకి ఉంటాయి. మనిషి కాళ్ళు చాపి ముందుకి పూర్తిగా వంగినా వీపు, తల కలిసి అడుగు మందం దాటుతుంది. ముందు అంతే మందం ఉన్న అట్టముక్కని తాడుతో లాగి చూడాలి, అది ఎక్కడ రాసుకుంటే అక్కడే వీపు రాసుకుంటుంది. నేల కూడా ముఖ్యం. గరుకు సిమెంటు మీద ప్యాంటు పట్టేసి మనిషి సగంలో ఆగిపోతాడు, అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి లేదు. నున్నటి నేల, తడి, ప్యాంటు లోపల జారుడు గుడ్డ. బండిని ఎప్పుడూ నిదానంగానే నడపాలి.

వేగం కావాలంటే కెమెరాతో తెచ్చుకోవాలి. సెకనుకి 22 ఫ్రేములు తీసి 24 మీద వేస్తే తొమ్మిది శాతం వేగం పెరుగుతుంది, కంటికి తెలియదు. 20కి దిగితే ఇరవై శాతం, బట్టలూ జుట్టూ కదిలే తీరు పాత మూకీ సినిమాలా అయిపోతుంది. 22 దాటి కిందకి దిగొద్దు.

భుజాల మీద పరుగులో అసలు హీరోలు కింద నిలబడ్డవాళ్ళే. అడుగు పడాల్సింది మెడకీ భుజానికీ మధ్య కండ మీద. కాలర్ ఎముక మీద పడితే విరుగుతుంది. కిందవాళ్ళు ఒక పాదం ముందుకి, ఒకటి వెనక్కి వేసి నిలబడాలి. రెండు పాదాలు పక్కపక్కన పెడితే అడుగు పడగానే వెనక్కి పడిపోతారు. పైకి చూడకూడదు. ఎక్కేవాడు ముందువాడి భుజం మీద అడుగు వేసేటప్పటికే చూపు మూడోవాడి మీద ఉండాలి.

ముళ్ళ తీగ అయితే అలాంటి షాట్లకి రబ్బరు ముళ్ళు వాడతారు. ఈ సినిమాలో ఏం వాడారన్న వాదన జోలికి పోను. తీగ పట్టుకున్న ఇద్దరి చేతులు కదలకుండా ఉండటమే అక్కడ పని.

కొత్త_నెగెటివ్ | #10

అందరికీ నమస్తే. మేం షార్ట్ ఫిల్మ్ ప్లాన్ చేస్తున్నాం. టింగ్ మంటలంటిన కాళ్ళతో తన్నే షాట్ లాంటిది ఒకటి పెడదామనుకుంటున్నాం. ప్యాంటు తడిపి మీద కొంచెం పెట్రోలు చల్లితే సరిపోతుందా? షాట్ రెండు సెకన్లే.

మోచేతిదెబ్బ | #11

@కొత్త_నెగెటివ్ తమ్ముడూ, పెట్రోలు వద్దే వద్దు. కాలేది పెట్రోలు కాదు, దాని ఆవిరి. ఆవిరి కాళ్ళ దగ్గరే ఉండదు, బట్టలోకీ చుట్టుపక్కలకీ పాకుతుంది. అగ్గి తగలగానే ఒక్కసారి భగ్గుమంటుంది. ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ ఆగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. రెండు సెకన్ల షాట్ అన్నారు, ఒళ్ళు కాలడానికి అంత కూడా అక్కర్లేదు.

ఆ షాట్‌లో టోనీ జాకే కనుబొమ్మలు, కనురెప్పల వెంట్రుకలు, ముక్కు కాలాయి. ఎందుకో ఆలోచించండి. మంట ఎప్పుడూ పైకే పాకుతుంది. మనిషి నిలబడితే మోకాలి దగ్గర మంటకీ ముఖానికీ మూడడుగుల పైన దూరం. ఎగిరి తన్నితే కాలు నడుం దాటి లేస్తుంది, ఒళ్ళు ముందుకి వంగుతుంది, ముఖం మంట మీదకే పోతుంది. అంటే తన్ను ఎంత అందంగా ఉంటే ముఖానికి అంత ప్రమాదం.

తెలిసినవాళ్ళు చేసే తీరు ఇది. ఒంటికి ఆనుకుని మంట అంటుకోని లోదుస్తులు, చల్లటి రక్షణ జెల్‌లో నానబెట్టినవి. దానిపైన మందపాటి నూలు బట్ట. నైలాన్, పాలిస్టర్ ఒక్క పోగు కూడా ఉండకూడదు, కరిగి చర్మానికి అతుక్కుంటాయి. సాక్సులూ, నడుం ఎలాస్టిక్కూ మర్చిపోయే వస్తువులు. చిక్కటి ఇంధన పేస్టు పైబట్ట మీద మాత్రమే, మోకాలి కింద మాత్రమే, చిన్న పట్టీలా. ముఖానికి, జుట్టుకి కూడా జెల్. వెలిగించే ముందు ఊపిరి పీల్చుకుని బిగబట్టాలి, మంట ఉన్నంతసేపూ లోపలికి పీల్చకూడదు. మంటలార్పే సిలిండర్లతో ఇద్దరు, తడి దుప్పట్లతో ఇద్దరు ఫ్రేము అంచుకి ఆనుకుని నిలబడాలి. ఆర్పమనడానికి గుర్తు ఒక్కటే పెట్టుకోవాలి: నేల మీద బోర్లా పడుకోవడం. అరుపు గుర్తుగా పెట్టొద్దు, ఫైట్లో అందరూ అరుస్తారు.

ఇదంతా చెప్పింది మీరు చెయ్యమని కాదు. నిప్పు పనిలో అనుభవమున్న మాస్టర్ లేకపోతే కాలు విడిగా, మంట విడిగా నల్లటి తెర ముందు తీసి కంప్యూటర్లో కలపండి. 2003లో వాళ్ళకి లేని సౌకర్యం మీ ఫోన్‌లో ఉంది.

కొత్త_నెగెటివ్ | #12

అర్థమైంది అన్నా, నిప్పు తీసేస్తున్నాం. ఫైట్ గోడౌన్‌లో, ట్యూబ్‌లైట్ల కింద. హై స్పీడ్ 120 మీద తీద్దామనుకుంటున్నాం.

ఎడిటింగ్‌బల్ల | #13

120 వద్దు, 100 మీద తియ్యండి. మన కరెంటు 50 హెర్ట్జ్, పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు మినుకుతుంది. మీ కెమెరా 120 సార్లు చూస్తే రెండిటికీ తేడా 20. దాన్ని 24 మీద వేస్తే ఐదింతలు నెమ్మదిస్తుంది, తెర మీద సెకనుకి నాలుగుసార్లు వెలుగు ఊపిరి తీసుకున్నట్టు పెరిగి తగ్గుతుంది. ఎడిటింగ్‌లో దీన్ని తీసెయ్యడం నరకం. 100 మీద తీస్తే ప్రతి ఫ్రేమూ మినుకులో ఒకే చోట పడుతుంది. కరెంటు కొంచెం ఊగినా చాలా నెమ్మదిగా మారుతుంది, పట్టుబడదు. మామూలు షాట్లకి 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో యాభయ్యో వంతు.

ఇంకోటి, మొత్తం ఫైట్ హై స్పీడ్‌లో తీసి తర్వాత చూసుకుందాం అనుకోవద్దు. ఓంగ్-బాక్‌లో దెబ్బ ముందు మామూలు వేగంతో పడుతుంది. నెమ్మది ఆ తర్వాతే. ముందే నెమ్మదిస్తే బరువు పోతుంది.

పద్మజ_కె | #14

మీరు చూసిన ప్రింటు ఏదో కూడా గమనించండి. విదేశీ హక్కులు ఫ్రెంచ్ దర్శకుడు లుక్ బెస్సన్ తాలూకు యూరోపాకార్ప్ కొన్నది. వాళ్ళు సంగీతం మార్చారు, ఎడిటింగ్ మార్చారు. సినిమాలో మువాయ్ లెక్ అనే అమ్మాయి ఉంది కదా, ఆమె అక్క కథ బాగా తగ్గిపోయింది. దానివల్ల ఆ అమ్మాయి ఎందుకు అంత కోపంగా ఉంటుందో సగమే తెలుస్తుంది. సినిమా లోపలే గోడ మీద బెస్సన్‌కీ, స్పీల్‌బర్గ్‌కీ పలకరింపు రాతలు రాసిపెట్టారు, మీకోసం ఎదురుచూస్తున్నాం అన్నట్టు. ఆ రాతల్లో ఒకటి ఫలించింది.

బ్యాంకాక్‌లో టింగ్ వెంట ఉండే హమ్‌లే పాత్ర వేసిన పెట్‌తాయ్ వోంగ్‌కమ్‌లావ్ థాయ్‌లాండ్‌లో పెద్ద హాస్యనటుడు. సందులో అతను కత్తి తీసి బెదిరిస్తుంటే కత్తులు అమ్ముకునే ముసలమ్మ అటే రావడం, తరిమేవాళ్ళందరికీ కత్తులు దొరికిపోవడం ఉంది చూడండి, స్టంటుకీ స్టంటుకీ మధ్య ఊపిరి తీసుకునే చోటు అదే. తక్కువ ఖర్చు ఫైట్ సినిమాలు కాపీ కొట్టాల్సిన విషయం అది, ఎవరూ కొట్టరు.

గోదారిగట్టు | #15

పన్నా రిట్టిక్రాయ్ గురించి ఒక్క మాట. ఖోన్ కేన్ మనిషి, థాయ్‌లాండ్ ఈశాన్యంలోని ఈసాన్ ప్రాంతం. 1984 నుంచీ చిన్న ఖర్చు ఫైట్ సినిమాలు తీశాడు. బ్యాంకాక్‌లో కాదు, ఈశాన్య పల్లెల్లో ఆడిన సినిమాలవి. 2004లో తన పాత సినిమా బోర్న్ టు ఫైట్‌ని మళ్ళీ తీశాడు, అందులో జాతీయ స్థాయి క్రీడాకారులని ఫైట్లకి దింపాడు. 2014లో చనిపోయాడు. 2005లో జాతో చేసిన తోమ్-యమ్-కూంగ్‌లో హోటల్ మెట్లెక్కుతూ దాదాపు నాలుగు నిమిషాలు కట్ లేని ఫైట్ ఉంది. 2008లో చాక్లెట్ సినిమాలో నటి జీజా యానిన్ చేసిన పని చూస్తే ఈ పద్ధతి ఒక్క జా వల్ల నడిచింది కాదని తెలుస్తుంది.

రీలుపెట్టె | #16

ఆ నాలుగు నిమిషాల షాట్‌లో జా కన్నా కెమెరా మోసినవాడికి ఎక్కువ మార్కులు వేస్తాను. మెట్ల మీద స్టెడీక్యామ్ (కెమెరా ఊగకుండా ఒంటికి తగిలించుకునే పరికరం) బరువుతో, వెనక్కి చూసుకునే వీలు లేకుండా, ప్రతి అంతస్తులో ఎవరు ఎటు నుంచి పడతారో గుర్తుపెట్టుకుని నడవాలి. ఒక ఫైటర్ అర సెకను ముందు వచ్చినా షాట్ మొత్తం మొదటికొస్తుంది, విరిగిన సామాన్లన్నీ మళ్ళీ పెట్టాలి.

కొత్త_నెగెటివ్ | #17

ఆఖరి సందేహం. గోడౌన్ అటక మీంచి ఒకడు కింద పడాలి, ఎత్తు పన్నెండు అడుగులు. స్టంట్ బెడ్లు అద్దెకి తేలేం. ఇంట్లో పరుపులు నాలుగు పేర్చితే?

సాము_శీను | #18

పరుపులు పేర్చితే రెండు పరుపుల మధ్య చీలి మనిషి నేలకి తగులుతాడు. స్ప్రింగు పరుపైతే ఎగరేసి పక్కకి విసిరేస్తుంది. అట్టపెట్టెలు వాడండి, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ షాపుల వెనక ఊరికే దొరుకుతాయి. తడి తగిలినవి పక్కన పెట్టేయండి. అన్నీ ఒకే ఎత్తువి ఏరుకోండి. టేపు వెయ్యకండి, మూతలు ఊరికే మడవండి. గాలి బయటికి పోతేనే పెట్టె నెమ్మదిగా నలుగుతుంది, టేపు వేస్తే బంతిలా తన్నుతుంది. పక్కపక్కన ఖాళీ లేకుండా పేర్చి చుట్టూ తాడు కట్టండి, లేకపోతే దెబ్బకి విడిపోతాయి. పై వరుస కింది వరుస కీళ్ళ మీదకి రావాలి, ఇటుకలు పేర్చినట్టు. అన్నిటి మీదా ఒక పల్చటి పరుపు. పడేచోటికి నాలుగు వైపులా ఇంకో మనిషి పొడుగు ఎక్కువ పరచండి.

ఎన్ని వరుసలు అని అడగొద్దు, పెట్టెని బట్టి మారుతుంది. పడేవాడి బరువంత ఇసుక మూట అదే అటక మీంచి వదలండి. తర్వాత పెట్టెలు విప్పి చూడండి. అట్టడుగు వరుస నలగకుండా ఉంటే సరే. ఒక్కటి నలిగినా ఇంకో వరుస వేసి మళ్ళీ మూట వదలండి. వరుసగా మూడుసార్లు అడుగు నలగకపోతేనే మనిషి ఎక్కాలి. నలిగిన పెట్టె మళ్ళీ వాడొద్దు, ప్రతి టేక్‌కీ కొత్తవి. వెల్లకిలా పడాలి, గడ్డం ఛాతీకి, చేతులు ఒంటికి దూరంగా. కాళ్ళతో దిగితే పెట్టెల్లోకి నిలువునా దిగబడి మోకాలు పోతుంది.

కొత్త_నెగెటివ్ | #19

ఇసుక మూట టెస్టు ఆదివారం. పెట్టెలు విప్పాక ఫొటోలు ఇక్కడే పెడతాను, చూసి చెప్పండి.